తూర్పుకు పెట్టిన సంచి

ఆదివారం పొద్దున కాఫీలు కాగానే సుచరిత నీలం సంచిని హాలు మధ్యకు తెచ్చి, పెట్టాల్సినవన్నీ నోటితో ఒకసారి చెప్పుకుంటూ, చేత్తో ఒకసారి తడుముకుంటూ సర్దింది. పిల్లలిద్దరికీ బట్టలు, సముద్రంలో తడిస్తే మార్చుకోవడానికి ఇంకో జత, ఆ జత కూడా తడిస్తే మరో జత. సాత్విక్‌కు కారులో వాంతులు కాకుండా మాత్రలు, మాత్రలు పనిచేయకపోతే నిమ్మకాయలు, నిమ్మకాయలూ పనిచేయకపోతే ప్లాస్టిక్ కవర్లు. రాబోయే ప్రతి కష్టానికీ ముందుగానే ఒక వస్తువు సర్దిపెట్టుకోవడం ఆమెకు అలవాటు. రాబోయే కష్టం ఆ సంచే అవుతుందని మాత్రం తట్టలేదు.

మర్నాడు సోమవారం, భర్త మురళీధర్ దుకాణానికి సెలవు. మార్కాపురం నుంచి కారులో కొత్తపట్నం పోయి, పిల్లలకు సముద్రం చూపించి, రాత్రికి ఒంగోలులో ఉండి, తెల్లారి దుకాణం తెరిచే వేళకు వచ్చేయాలని పథకం. వినడానికి చిన్నదే. కానీ ఈ పథకానికి ఇంట్లో ఒప్పుదల సంపాదించేసరికి సుచరితకు దాదాపు ఏడాది పట్టింది.

ఆ ఇంట్లో సెలవులంటే గుడి. వేసవికి తిరుపతి, దసరాకు శ్రీశైలం, మధ్యలో ఎప్పుడైనా తీరిక దొరికితే త్రిపురాంతకం. దేవుళ్ల మీద సుచరితకు ఏ ఫిర్యాదూ లేదు. తన ఇద్దరు పిల్లలనూ చల్లగా చూస్తున్నది వాళ్లేనని ఆమె నమ్మకం. అయితే ఆరేళ్ల సాత్విక్ సెలవుల్లో దిగిన ప్రతి ఫోటోలోనూ గుండుతోనే ఉన్నాడు. సెలవులు ఇచ్చేది జుట్టు తీసేయడానికని వాడు అనుకుంటున్నాడు. వాడి అక్క వర్షిణి, కిందటేడు బడి తెరిచిన రోజు సెలవుల్లో చూసిన కొత్త చోటు గురించి చెప్పమంటే లేచి నిలబడి, దర్శనానికి ముందు తాము కూర్చున్న గది గురించి, అందులో తిరిగే ఫ్యాన్ల గురించి, తిరగని ఫ్యాన్ల గురించి వివరంగా చెప్పి వచ్చింది. పిల్లలంతా నవ్వారట. "ఈసారి కూడా ఫ్యాన్లేనా అమ్మా?" అని అడిగింది ఇంటికొచ్చి.

ఆ మాట సుచరితకు గట్టిగా తగిలింది. ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ ఏడు వాళ్ల బడి పిల్లలను గిద్దలూరులో రైలెక్కించి, నల్లమల కొండల్లోని సొరంగం గుండా నంద్యాల దాకా తీసుకుపోయారు. ఆ వారమే అమ్మకు జబ్బుచేసి ఇల్లంతా సుచరిత మీద పడింది. సొరంగం ఎట్లుందే అని అడిగితే, చూసొచ్చిన స్నేహితురాలు "చీకటిగా ఉంది" అని తేల్చేసింది. ఇన్నేళ్లుగా సుచరితకు తెలిసిన సొరంగం ఆ ఒక్క మాటే. తన పిల్లలకు లోకం అలా ఎవరో చెప్పిన ఒక్క మాటగా మిగలకూడదని, ఏడాదికి ఒక్క చోటైనా వేరే రకంది చూపించాలని ఆమె పట్టు.

అత్తగారు పార్వతమ్మ మొదట ససేమిరా అంది.

"సముద్రంలో ఏముంటాది చూసేదానికి? నీళ్లే గదా."

"నీళ్లే అత్తా. పిల్లలు చూడలేదని."

"నేను చూసినానా? అరవై ఏండ్లు వచ్చినాయి. నాకేమన్నా తక్కువయిందా?"

ఏమీ తక్కువ కాలేదని కొడుకూ కోడలూ ఒప్పుకున్న తరవాత ఆమె కొంచెం మెత్తబడింది. "సరే పోదాం. ఇది సవ్యంగా జరిగిందా, వచ్చే ఏడు ఇంకో తావు చూద్దువుగాని. అడ్డం తిరిగిందా, ఇంక నా కాడ ఆ మాట ఎత్తొద్దు. మన దేవుడు, మన క్యూ. ఇంకోటి, సోమవారం తూర్పుకు శూల. ప్రస్థానం పెట్టాల్సిందే."

ప్రస్థానం పెద్ద చిక్కు పనేమీ కాదు. పోవాల్సిన రోజు ఆ దిక్కుకు మంచిది కాకపోతే, ముందురోజు మంచి గడియలో ప్రయాణం సంచిని ఆ దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా పెట్టి రావాలి. సంచి బయలుదేరితే మనుషులు బయలుదేరినట్టే లెక్క. మర్నాడు దారిలో ఆగి సంచిని అందుకుని సాగిపోవడమే. ఎక్కడికి పోయినా ఆ సంచితోనే పోవాలి, చేరాల్సిన చోటు చేరేదాకా వెనక్కి తిరిగి ఇల్లు తొక్కకూడదు.

వీళ్ల ఇంటికి తూర్పున, పొదిలి రోడ్డు మీద గోవిందమ్మ ఇల్లుంది. దోసెపిండి రుబ్బి అమ్ముతుంది. పార్వతమ్మను అక్కా అని పిలుస్తుంది కాబట్టి మురళీధర్‌కు చిన్నమ్మ, అతన్ని చూసి సుచరితకూ చిన్నమ్మే. పసుపు, కుంకుమ, పిడికెడు బియ్యం మూటగట్టి సంచి జేబులో పెట్టి, ఆదివారం మంచి గడియలో సుచరిత దాన్ని గోవిందమ్మ చేతికిచ్చింది.

"నా ప్రాణం మాదిరి చూసుకుంటా పో. మీరు రాకపోతే నేనే తెచ్చిస్తా" అంది గోవిందమ్మ.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు రాహుకాలం రాకముందే గడప దాటాలని పార్వతమ్మ ఆజ్ఞ. బాడుగ కారు డ్రైవరు మస్తానయ్య తెల్లవారగానే తన ఎర్రకారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. అందరూ చెప్పులు వేసుకున్నాక చూస్తే సాత్విక్ లేడు. ఇల్లంతా వెతికితే మంచం కింద గోడమూలకు దూరి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని ఉన్నాడు. ఏప్రిల్ నుంచి కష్టపడి పెంచుకున్న జుట్టు అది.

"రా నాయనా. సముద్రం కాడ గుండు కొట్టరు" అంది సుచరిత.

"శ్రీశైలంలో గూడా ఇట్లనే చెప్పినావు."

అది నిజమే. మురళీధర్ వంగి మంచం కిందికి చూశాడు.

"ఒరేయ్, సముద్రం గాలి ఉప్పుగాలి. కత్తి తెల్లారేసరికి తుప్పు పడతాది. ఆడ ఎవరు కొడతారురా గుండు?"

స్టీలు సామాన్లు అమ్మే తండ్రి తుప్పు గురించి చెప్పిన మాట కాబట్టి సాత్విక్ ఆలోచించాడు. ఆలోచన తెమిలి బయటికొచ్చేసరికి రాహుకాలం వచ్చేసింది. అది పోయేదాకా అందరూ చెప్పులతో మెట్ల మీద కూర్చున్నారు. మస్తానయ్య కారులో ఒక కునుకు తీశాడు.

రాహుకాలం పోగానే బయలుదేరి గోవిందమ్మ ఇంటి ముందు ఆగారు. గోవిందమ్మ లేదు. సంచి లేదు. ఆమె అత్త చెంచమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉంది.

"సంచా? నీలంది, మీ అంగడి పేరుండేదేనా? మా మనవడు నరేషు పొద్దున్నే బండికి తగిలిచ్చుకోని కంభం పోయినాడే."

"మా సంచి నరేషెందుకు తీసుకుపోయినాడు అవ్వా?" అన్నాడు మురళీధర్.

"నాకెట్ల తెలుస్తాది? పోతాంటే చూసినా. అంతే."

"చిన్నమ్మ యాడికి పోయింది?"

"యాడికో పరిగెత్తింది. ఈ ఇంట్లో నాకెవరు చెప్తారు?"

సుచరిత గోవిందమ్మకు ఫోను చేసింది. ఫోను ఇంట్లోపల పిండి గిన్నెల మధ్య మోగింది. నరేష్‌కు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. గోవిందమ్మ గడపలోనే అడ్డం తిరిగింది ప్రయాణం.

"బట్టలే గదా, ఒంగోలులో కొనుక్కుందాం పదండి" అన్నాడు మురళీధర్.

"ప్రస్థానం సంచి లేకుండా శూలకు ఎదురు పోతావా, పిల్లకాయలను పెట్టుకోని?" అంది పార్వతమ్మ.

"అయితే ఇంటికి పోదాం. సంచి వచ్చినాక చూసుకుందాం."

"ఇంటికెట్ల పోతాం? మనం బయలుదేరి ఒక రోజయింది."

"రాత్రి ఇంట్లోనే గదమ్మా పడుకున్నాం."

"పడుకున్నాం. బయలుదేరి పడుకున్నాం. దానికీ దీనికీ తేడా లేదా?"

ముందుకు పోవడానికి లేదు, వెనక్కి పోవడానికి లేదు. గోవిందమ్మ అరుగు మీద ఎంతసేపని ఉంటారు? చివరికి పార్వతమ్మే తీర్పు చెప్పింది. "సోమవారం పడమటికి దివ్యంగా ఉండాది. కంభం పోయి సంచి తీసుకోని వద్దాం."

మస్తానయ్య కారు తిప్పాడు. "సముద్రం తూర్పున గదా అన్నా ఉండేది?" అన్నాడు, ఊరికే తెలుసుకోవడానికి అడిగినట్టు.

కంభం దగ్గర పడుతుండగా నరేష్ ఫోనెత్తాడు. బండి మీద ఉన్నట్టున్నాడు, గాలి హోరులో సగం మాటలే వినబడ్డాయి. "మీ అంగడి సంచే గదన్నా? చెరువు కట్ట కాడ మా మల్లయ్య మామ ఇంట్లో ఉండాది. చూసుకోండి." అంతలో సిగ్నలు పోయింది. సుచరిత కళ్లు మూసుకుని చెన్నకేశవస్వామికి దండం పెట్టుకుంది.

కారు కట్ట ఎక్కి ఆగింది. కిందటి వానలకు నిండిన నీళ్లు ఇంకా తగ్గలేదు. కొండల మధ్య ఎక్కడిదాకా చూస్తే అక్కడిదాకా చెరువే, అంచున తెల్లకొంగలు. పిల్లలిద్దరూ దిగారు. దిగీ దిగగానే ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి కారు పక్కన వరసగా పెట్టారు.

"క్యూ యాడమ్మా?" అన్నాడు సాత్విక్.

"క్యూ లేదు నాన్నా."

"మరి ఎట్ల చూసేది?"

"కళ్లతోనే. పో, నీళ్ల కాడికి పో. చెల్లాయి చెయ్యి, కాదు, అక్క చెయ్యి పట్టుకో. లోపలికి దిగొద్దు. అంచుకు పోవద్దు. పో."

ఇన్ని చెప్పి తనే ముందు పరిగెత్తింది. సాత్విక్ మోకాళ్ల దాకా తడిసి, చాలాసేపు నీళ్లను చూసి, "సముద్రం ఇదేనా?" అన్నాడు. ఇదేననేస్తే పని తేలిపోతుందని సుచరితకు ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

"కాదు. ఇది చెరువు. సముద్రం ఇంకా పెద్దది."

"ఇంతకంటే పెద్దది ఎందుకు?" అన్నాడు వాడు.

ఈలోగా మురళీధర్ మల్లయ్య ఇంట్లో సంచి విప్పాడు. గోడకు బెజ్జాలు పెట్టే మిషను, వైరు చుట్టలు, గ్రీజు మరకల చొక్కా. కరెంటు పని చేసుకునే నరేష్ సంచి. పైన అక్షరాలు మాత్రం అవే: మురళీధర్ స్టీల్ ప్యాలెస్, మార్కాపురం. ఉగాదికి పెళ్లిసామాన్లు కొన్నవాళ్లందరికీ దుకాణంలో పంచిన సంచులవి. తన పేరు నల్లమల దాకా పోవాలని మురళీధర్ ముచ్చటపడి వేయించాడు.

"మా అల్లుడి పనిముట్లు మీకెందుకు నాయనా?" అన్నాడు మల్లయ్య, అనుమానంగానే. సంగతంతా విన్నాక మెత్తబడి గడ్డం గోక్కున్నాడు. "ఇట్లాంటి సంచే పొద్దున అర్ధవీడు బస్సులో చూస్తి. ఒకామె ఒళ్లో పెట్టుకోని కూచోనుండె. పైన పెట్టమ్మా అంటే పెట్టలే. చంటిబిడ్డ మాదిరి పట్టుకోనుండె."

పార్వతమ్మ కళ్లు మెరిశాయి. "గోవిందమ్మే. ప్రాణం మాదిరి చూసుకుంటా అనింది గదా. దానికి అర్ధవీడులో చుట్టాలుండారు."

"మన సంచి తీసుకోని చుట్టాలింటికి ఎందుకు పోతాదత్తా?"

"అది పోయి అడుగుదాం పద."

అర్ధవీడులో సంచి దొరకడం కష్టం కాలేదు. బస్సు దిగిన చోట అడిగితే చెయ్యి చూపించారు. ఊరి చివర మేకల దొడ్డి, దాని పక్కన రేకుల ఇల్లు, ఇంటి ముందు దండెం మీద నీలం సంచి. సుచరిత కారు ఆగీ ఆగకముందే దిగింది. లోపల నుంచి వచ్చింది మాత్రం గోవిందమ్మ కాదు. భారతి అనే పాతికేళ్ల అమ్మాయి. పుట్టింటి నుంచి సంచిలో తెచ్చుకున్నది నిజంగానే చంటిబిడ్డ బట్టలూ, రాత్రే ఈనిన మేక కోసం మందూ.

ఆమె సంచి మీది పేరు చూసి, మురళీధర్ మొహం చూసి, "అంగడన్నా నువ్వేనా? మా పెళ్లి బిందెలు నీ కాడే కొన్యాం గదా" అని చాప వేసింది. మజ్జిగ వద్దంటే వినలేదు. సంచి విషయం చెబితే బాధపడింది. బాధపడుతూనే ఇంకో చెంబు మజ్జిగ పోసింది. ఇంతలో సాత్విక్ దొడ్లోకి పోయి, పుట్టి ఒక్క రోజు కూడా కాని మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది వాడి చొక్కా గుండీ నాకుతూ ఉంది.

"దీనికి గూడా గుండు కొడతారా అత్తా?" అని భారతిని అడిగాడు.

"దానికెందుకు నాయనా?"

"అదృష్టం" అన్నాడు వాడు.

వర్షిణి మేక పొదుగు కింద చెంబు పట్టుకుని పాలు పిండడం నేర్చుకుంటోంది. రెండు చుక్కలు చెంబులో పడితే నాలుగు చుక్కలు మొహం మీద పడుతున్నాయి. సుచరిత చూస్తూ నిలబడింది. మజ్జిగ చల్లగా ఉంది.

"మా మరిది గూడా ఇట్లాంటి సంచే పట్టుకోని గిద్దలూరు పోయినాడు పెద్దమ్మా, నంద్యాల రైలుకు" అంది భారతి, సాయం చేద్దామని.

మురళీధర్ తల పట్టుకున్నాడు. "అది మనది కాదమ్మా. ఈ దిక్కున ఎవరి చేతిలో చూసినా నా సంచే. ఇంక వెతికేది దండగ."

"చూడకుండా ఎట్ల చెప్తావు?" అంది పార్వతమ్మ.

"వాళ్ల మరిది సంచిని మనమెందుకు చూడాలమ్మా?"

"ప్రస్థానం సంగతి. తేలిగ్గా తీసుకోగూడదు." ఆమె అప్పటికే కారెక్కి కూర్చుంది, కిటికీ పక్కన. పొద్దున ఆ సీటు పిల్లలకు వదిలేసిన మనిషి.

సుచరిత అత్తగారి మొహంలోకి చూసింది. ఆ మొహంలో సంచి బెంగ ఎంత వెతికినా కనబడలేదు. తనూ పక్కన ఎక్కి కూర్చుంది.

గిద్దలూరు స్టేషనులో నంద్యాల పోయే రైలు నిలబడి ఉంది. మురళీధర్ ఒక చివర నుంచి, మిగిలినవాళ్లు ఇంకో చివర నుంచి కిటికీల్లోంచి చూసుకుంటూ వచ్చారు. మధ్య పెట్టెలో నీలం సంచి కనబడింది. పార్వతమ్మ ఎవరూ చెప్పకముందే ఎక్కేసింది. నానమ్మ వెనక పిల్లలు, పిల్లల వెనక సుచరిత. సంచి తాలూకు కుర్రవాడు పాపం మర్యాదగా జిప్పు లాగి చూపించాడు. రెండు లుంగీలు, పచ్చడి సీసా. "మాది కాదు నాయనా, ఏమీ అనుకోవద్దు" అని సుచరిత అంటుండగా రైలు కదిలింది.

ప్లాట్‌ఫారం మీద మురళీధర్ పక్కనే నడిచాడు, తర్వాత పరిగెత్తాడు, తర్వాత ఆగిపోయాడు. "గాజులపల్లెలో దిగండి. కారులో వస్తా" అని అరిచాడు. టికెట్టు లేదు, సంచి లేదు, మొగుడు లేడు. సాత్విక్‌కు వాంతి వస్తే మాత్రలు కూడా లేవు. వాడేమో కిటికీ ఊచలు పట్టుకుని, ఇద్దరు పిల్లలు కూర్చునే జాగాలో ముగ్గురు కొత్త స్నేహితులతో ఇరుక్కుని, వెనక్కి పోతున్న చెట్లకు చేతులు ఊపుతున్నాడు. కారులో మాత్రమే వాడికి వాంతి వస్తుందని, రైల్లో రాదని ఆమెకు అప్పుడే తెలిసింది. తెలియడానికి వాడు అంతకుముందు రైలెక్కితే కదా.

"ముందర సొరంగం వస్తాదమ్మా" అన్నాడు లుంగీల కుర్రవాడు. "పిల్లోళ్లను భయపడొద్దని చెప్పు."

సుచరిత తలెత్తింది. గిద్దలూరు, నంద్యాల, నల్లమల. పొద్దున నుంచి సంచి వెంట పరిగెత్తుతూ, ఎక్కిన రైలేదో చూసుకోలేదు. ఆ బడిపిల్లలంతా తనను వదిలి ఎక్కిపోయిన రైలు ఇదే.

అడవి దగ్గరికి జరిగింది. ఒక్కసారిగా వెలుతురు పోయింది. చెవుల నిండా చక్రాల హోరు, మొహానికి చల్లటి రాతి వాసన. పెట్టెలో పిల్లలంతా "ఓ" అని అరిచారు. సాత్విక్ అరిచాడు, వర్షిణి అరిచింది. వాళ్ల గొంతుల మీదుగా ఇంకో గొంతు, అరవై ఏళ్ల గొంతు, అందరికంటే పొడుగ్గా "ఓ" అంది. సుచరిత చీకట్లో తను కూడా నోరు తెరిచింది. అరుపు రాలేదు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. చీకటి కాబట్టి ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని పడలేదు. చీకటి ఇంత బాగుంటుందని ఆ స్నేహితురాలు చెప్పనే లేదు.

వెలుతురు వచ్చేసరికి పార్వతమ్మ పైట సర్దుకుని గంభీరంగా కూర్చుని ఉంది. "ఎవరే అది, పెద్దోళ్లయి గూడా అట్ల అరిచింది?" అంది, పెట్టె అంతా కలయజూస్తూ.

గాజులపల్లెలో దిగి సుచరిత నేరుగా టికెట్ల కిటికీ దగ్గరికి పోయింది. గిద్దలూరు నుంచి టికెట్టు లేకుండా వచ్చేశామని, ఇప్పుడు తీసుకుంటామని చెప్పింది. లోపలి ఆయన కళ్లజోడు తీసి చూశాడు. "దిగినాక టికెట్టు కొనేవాళ్లను ఇదే మొదలమ్మా చూడ్డం" అని, కట్టాల్సింది కట్టించుకుని, పిల్లలకు మంచినీళ్ల కుండ చూపించాడు. ఘాటు రోడ్డు చుట్టి మురళీధర్ వచ్చేసరికి వాళ్లు చెట్టు కింద జామకాయలు తింటున్నారు. దారిలో అడవి కోడి అడ్డం వచ్చిందని చెప్పబోయిన మురళీధర్ మాట సొరంగం కబుర్లలో ఎవరికీ వినబడలేదు.

తిరుగుదారిలో పిల్లలు నిద్రపోయారు. కారులో మాటలు ఆగిపోయాక సుచరితకు మళ్లీ భయం మొదలయింది. సముద్రం చూడలేదు. సంచి పోయింది. ప్రయాణం ఇంతకంటే అడ్డం తిరగడానికి ఇంకేమీ మిగల్లేదు. అత్తగారు పెట్టిన షరతు తు.చ. తప్పకుండా గుర్తుంది.

దీపాలు పెట్టే వేళకు గోవిందమ్మ ఇంటి ముందు ఆగితే, అరుగు మీద గోవిందమ్మ ఉంది. ఒళ్లో నీలం సంచి. కాళ్లకు మోకాళ్ల దాకా ఇసుక.

"యాడికి పోయినారు మీరు?" అంది, వీళ్లు నోరు తెరవకముందే. "సముద్రం మొత్తం వెతికినా."

మస్తానయ్య కూడా కారు దిగి దగ్గరికి వచ్చాడు.

"సముద్రానికి నువ్వెందుకు పోయినావు చిన్నమ్మా?" అంది సుచరిత.

"ఎందుకు పోయినానా? తెల్లార్నుంచీ అరుగు మీదే కూచోనుంటి. మీరు రాలే. ఇంతలో తెల్లకారు ఒకటి జుయ్యిమని పొదిలి దిక్కు పోయింది. అయ్యో, సంచి మరిచిపోయి పోతావుండారే, ప్రస్థానం సంచి లేకుండా పిల్లకాయలతో శూలకు ఎదురు పోతావుండారే అని వెనకనే బస్సెక్కినా. ఫోను గూడా తీసుకోలే."

"నా కారు ఎర్రది గదక్కా" అన్నాడు మస్తానయ్య.

"పోయేటప్పుడు అడుగుదామంటే ఆగిందా అది?" గోవిందమ్మ అతని వైపు తిరిగి చూడలేదు. "ఒంగోలులో దిగి, ఆటో ఎక్కి, ఇసకలో పడి పోయినా. అల సంచి మీదికి వస్తాదేమోనని నెత్తిన పెట్టుకోని నిలబడినా. గుండు పిల్లోడు కనపడితే చాలు, మన సాత్విక్కేమోనని పోయి గడ్డం పట్టుకోని చూసినా. ఇద్దరు ఏడ్చినారు. ఒకడి తల్లి తిట్టింది గూడా."

సాత్విక్ కారులోనే కళ్లు నులుముకుంటూ తన జుట్టు తడిమి చూసుకున్నాడు.

"మరి తిన్నావా చిన్నమ్మా పొద్దుట్నుంచి?" అంది సుచరిత.

"తిన్నా లేమ్మా. బస్సులో తల తిప్పింది. సంచి విప్పగూడదు గానీ విప్పినా. నీ నిమ్మకాయలు ప్రాణం పోసినాయి." గోవిందమ్మ జిప్పు లాగింది. మడత చెదరని బట్టల మీద, తువ్వాలులో మూటగట్టి, గవ్వలున్నాయి. పక్కన మందు సీసాలో మూత బిగించిన సముద్రపు నీళ్లు. "చూడకుండా ఎనక్కి వచ్చినారేమో, పిల్లకాయలు ఏడుస్తారేమోనని పట్టుకోనొచ్చినా."

సుచరిత అరుగు మీద కూర్చుని గోవిందమ్మ కాళ్లకు అంటిన ఇసుకను కొంగుతో దులిపింది. చేస్తున్న పని ఏమిటో తనకే తెలియనట్టు దులుపుతూనే ఉంది. "ఉండనీ పాపా, ఇట్ల ఇంకెప్పుడు అంటుకుంటాది" అని గోవిందమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

అందరూ పార్వతమ్మ వైపు చూశారు. తీర్పు ఆమె చెప్పాలి. ఆమె సంచిని చూసింది. గవ్వ ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది.

"సంచి చేరింది" అంది చివరికి. "మనుషులు చేరలే. అంటే ప్రస్థానం సగంలో ఉండాది. సగంలో వదిలేస్తే ఇంటికి మంచిది కాదు. వచ్చే వారం పోవాల్సిందే."

సుచరిత తల గబుక్కున లేచింది.

"వచ్చే వారమైనా సోమవారం తూర్పుకు శూలే గదమ్మా" అన్నాడు మురళీధర్.

"అందుకే మంగళవారం పోదాం. ఒక్కరోజు అంగడి మూస్తే బిందెలేమీ మురిగిపోవు." సుచరిత కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె నోట ఆ ఇంట్లో ఎవరూ వినని మాట అది. "తర్వాత ఆ రైలు గూడా ఇంకోసారి ఎక్కాల. సొరంగంలో అరిచింది ఎవరో నాకు తేలలే."

వర్షిణి అప్పటికే గవ్వలు వరసగా పేర్చుకుంటూ, చెరువు ముందు చెప్పాలా, మేకపిల్ల ముందు చెప్పాలా, రైలు ముందు చెప్పాలా అని సతమతమవుతోంది. ఫ్యాన్ల మాటే లేదు.

మంగళవారం ప్రయాణానికి సంచిని ఎవరింట్లోనూ పెట్టలేదు. ముందురోజు సాయంత్రమే గోవిందమ్మను తెచ్చి తమ ఇంట్లో పెట్టుకున్నారు.